పరగడుపు

పరికిణీ ఓణీ కుట్టడం నాకు ఒక పూట పని. రేపల్లెలో మా వీధిలో ఎవరినైనా అడగండి, పొద్దున గుడ్డ ఇస్తే సాయంత్రానికి హుక్కులతో సహా చేతిలో పెడుతుంది సుమ అని చెప్తారు. అలాంటిది మా సౌజీ పరికిణీ మాత్రం ఆ వేసవంతా మిషను పక్కన సగం కుట్టి పడి ఉంది. పసుపుపచ్చ పట్టు, ఎర్ర అంచు. ఆ గుడ్డ ఎంచుకున్నది సౌజీయే.

సౌజీ అంటే సౌజన్య, మా అమ్మాయి. పదమూడేళ్ళు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది. డాక్టరు ఆ మాట మొదటిసారి చెప్పినప్పుడు నాకు నోరు కూడా తిరగలేదు, ఇప్పుడు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ గడగడా ఒప్పజెప్తాను. దానికి మాటలు సగం సగం వస్తాయి, లెక్కలు రావు. మెడ పొట్టి, చేతులు పొట్టి, బజార్లో కొన్న ఏ గౌనూ దానికి కుదరదు. కానీ రంగుల దగ్గర దాన్ని కొట్టేవాళ్ళు లేరు. ఏ జాకెట్టు ముక్కయినా ఒక్కసారి చూపిస్తే చాలు, దారాల డబ్బాలో చెయ్యి పెట్టి సరిగ్గా ఆ రంగు రీలే తీస్తుంది. పదిహేనేళ్ళుగా కుడుతున్నాను, వంగపండు రంగులో ఇన్ని రకాలుంటాయని నాకు నేర్పింది అదే.

ఏప్రిల్ రెండో వారంలో ఒకరోజు బసవమ్మగారికి కొలతలు తీస్తున్నాను. సౌజీ లోపల్నుంచి పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడింది. గౌను మీద ఎర్రటి మరక. ఆరు నెలల ముందునుంచే బొమ్మని చూపించి చెప్తూ వచ్చాను, ఇలా రక్తం కనపడుతుంది, భయపడకూడదు, అమ్మకి చెప్పాలి అని. అంత బాగా గుర్తు పెట్టుకుంటుందని మాత్రం అనుకోలేదు. రెండు చేతులూ పైకెత్తి, వీధి చివరిదాకా వినపడేలా, "అమ్మా! వచ్చింది! నేను పెద్దమ్మాయి!" అని అరిచింది.

"అయ్యో!" అన్నారు బసవమ్మగారు.

ఇంకే ఆడపిల్ల విషయంలోనైనా శుభం అనే మనిషి ఆవిడ. నా మొహం చూసి, "అది కాదమ్మాయ్, ఈ ఎండల్లో పిల్లకి కష్టం కదా అనీ..." అని సర్దబోయారు.

"శుభం అనండి పిన్నిగారూ. అది వింటోంది."

"శుభం తల్లీ" అన్నారావిడ. సౌజీ వెళ్ళి ఆవిణ్ణి గట్టిగా వాటేసుకుంది. ఇంటికెళ్ళి తలకి పోసుకునే ఉంటారు పాపం.

గదిలో ఓ మూల చాప వేసి, కంచం, గ్లాసు విడిగా పెట్టి కూర్చోబెట్టాను. ఎవర్నీ ముట్టుకోకూడదని చెప్పాను. ఆ పద్ధతి దానికి ఎంత నచ్చిందో చెప్పలేను! మా ఆయన శివనాగరాజు కొల్లూరు లంకల్లోంచి అరటి గెలలు ఆటోలో తెనాలి మార్కెట్టుకి తోలతాడు. సాయంత్రం ఆయన గుమ్మంలో కాలు పెట్టగానే వేలు చూపించి, "ఆగు నాన్నా! ముట్టుకోకు!" అని హుకుం జారీ చేసింది. ఆయన బుద్ధిగా ఆగాడు. వెంటనే అదే లేచి వెళ్ళి ఆయన్ని కావిలించుకుంది. నేను తిట్టబోయి నవ్వేశాను. ఆయన మాత్రం నవ్వలేదు.

మాలో ఈ కబురు అందగానే అమ్మమ్మ చిమ్మిలి కొట్టి తెస్తుంది. నువ్వులూ బెల్లం కలిపి దంచి చేసిన ఉండలు. మేనమామ కొత్త బట్టలు తెస్తాడు. పదకొండో రోజు పిల్లకి మంగళస్నానం చేయించి, పేరంటాళ్ళని పిలిచి, వేడుక చేస్తారు. మా అమ్మ సుగుణమ్మ బాపట్లలో మా తమ్ముడు బాబీ దగ్గర ఉంటుంది. ఫోన్ చేసి చెప్పాను.

"ఎవరికన్నా చెప్పావా?" అంది.

"నేనెందుకమ్మా, అదే చాటింపు వేసింది."

"సర్లే. ఈ ఎండల్లో ఏం చేస్తాం గానీ, కాస్త చల్లబడనీ. నేను మీ వదినగారితో మాట్లాడతాలే."

సరేనని, వేడుకకని మొదలెట్టిన పసుపు పరికిణీ పక్కన పెట్టాను. నా కూతురి వేడుక గురించి మా అమ్మ మా వదినతో మాట్లాడేదేంటి? అప్పుడు ఆ ఆలోచనే రాలేదు. ఎందుకంటే మా వదిన కృష్ణవేణి విషయంలో నేను ఏదీ ఆలోచించను. మా ఆయనకి అక్క, తెనాలిలో ఉంటుంది. సౌజీకి ఏడాది దాటాక గుండెకి ఆపరేషన్ చేస్తే, నలభై రోజులు ఆస్పత్రి నేల మీద పడుకున్నది ఆవిడే. నేను అన్నం ముట్టకపోతే ముద్దలు కలిపి పెట్టింది. సౌజీ మొదట పలికిన మాట అమ్మ కాదు, అత్త. నాకు ఇరవై ఎనిమిదో ఏట కడుపులో గడ్డ ఉందని గర్భసంచి తీసేసినప్పుడు కూడా తెనాలి తీసుకెళ్ళి దగ్గరుండి చూసుకుంది ఆవిడే. మా వీధిలో నా ఈడు ఆడవాళ్ళు చాలామంది ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. జాకెట్లు ఇవ్వడానికి వచ్చి ఎవరైనా నెలనెలా బాధల గురించి చెప్పుకుంటే, "తీయించేసుకో అక్కా, పీడా పోతుంది. నేను హాయిగా లేనూ?" అని నేనే సలహా ఇచ్చేదాన్ని. నా మాట విని ఇద్దరు తీయించుకున్నారు కూడా.

వదిన మర్నాడే మామిడిపళ్ళ బుట్టతో దిగింది. మడీ మైలా చూడకుండా వెళ్ళి సౌజీ చాప మీదే కూర్చుని, దానికి పండు కోసి పెట్టింది. వెళ్ళేటప్పుడు అడిగింది.

"బట్టలు పాడు చేసుకుంటోందా?"

"చేసుకోదా మరి. నేర్చుకుంటుందిలే వదినా."

నేర్పడం అనుకున్నంత తేలిక కాలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి! మొదటి నెల రోజుకి మూడు దుప్పట్లు ఉతికాను. ప్యాడ్ ఒకటి తీసుకెళ్ళి నా మిషను కవరుకి అంటించింది. కొలతలకొచ్చిన ఆడవాళ్ళకి ప్యాకెట్టు చూపించి "నాది" అని గొప్పలు పోయింది. ఒకరోజైతే స్నానాలగది గోడంతా పూసేసింది. ఆరోజు దాన్ని కొట్టాను. అది ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని చూసి, "నొప్పా?" అని అడిగింది. గోడ కడుగుతూ నేనే ఏడ్చాను.

రెండోసారి, మే నెల మధ్యలో, నాలుగో రోజున అది ఒక్కర్తే లోపలికెళ్ళింది. గుమ్మం బయట నిలబడ్డాను. మార్చుకుంది, కాగితంలో చుట్టింది, డబ్బాలో వేసింది. బయటికొచ్చి రెండు చేతులూ నా ముక్కు దగ్గర పెట్టింది, సబ్బు వాసన చూడమని. ఆ క్షణాన నా సంతోషం ఇంతా అంతా కాదు. వెంటనే వదినకి ఫోన్ చేశాను.

"మంచిదేగా" అంది వదిన. "దానికి థైరాయిడ్ పరీక్ష చేయించి ఏడాదైంది కదా. నాకు తెలిసిన డాక్టరమ్మ ఉంది ఇక్కడ. వచ్చే బుధవారం తీసుకురా. పరగడుపునే రావాలి సుమా, నీళ్ళు కూడా ఇవ్వకు" అంది.

ఇలాంటి పిల్లలకి ఏడాదికోసారి ఆ పరీక్ష చేయించాలి, నిజమే. నేనే మర్చిపోయాను, ఆవిడ గుర్తు పెట్టుకుంది. ఎంత మంచి మనిషి అనుకున్నాను.

రోహిణి కార్తె. పొద్దున్నే నేలలోంచి సెగ లేస్తోంది. మా ఆయన ఆటోలో స్టేషను దగ్గర దింపి, నా సంచిలో నాలుగు అరటిపళ్ళు పెట్టి, "అక్కకివ్వు" అన్నాడు. సౌజీ టాటా చెప్తున్నా అటు చూడకుండా ఆటో తిప్పుకుని వెళ్ళిపోయాడు. లోడుకి ఆలస్యమైందేమో అనుకున్నాను.

రైలు భట్టిప్రోలు దాటకముందే మొదలెట్టింది సౌజీ. "అమ్మా, ఇడ్లీ."

"పరీక్ష అయ్యాక."

"నీళ్ళు."

"అయ్యాక తల్లీ. అత్త చెప్పింది కదా."

అత్త పేరు చెప్తే ఊరుకుంది. వేమూరులో ఎదుటి సీటు పిల్లాడు మరమరాలు తింటుంటే కళ్ళు మూసుకుని కూర్చుంది. దాని పెదవులు ఎండిపోయాయి. నేను మెచ్చుకుని తల నిమిరాను. ఆ నిమరడం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆస్పత్రి పెద్దదేం కాదు, రెండంతస్తుల నర్సింగ్ హోమ్. వదిన మెట్ల దగ్గరే ఉంది. పక్కన పెద్ద సంచి, ఫ్లాస్కు, మడత పెట్టిన దుప్పటి. రక్తపరీక్షకి దుప్పటి ఎందుకో నాకర్థం కాలేదు. అడిగేలోపే సౌజీ "అత్తా!" అంటూ వెళ్ళి ఆవిడ మెడకి చుట్టుకుంది. ఆవిడ దాన్ని వదలకుండా చాలాసేపు పట్టుకుంది.

మమ్మల్ని పైన ఒక గదిలో మంచం దగ్గర కూర్చోబెట్టారు. అన్నమ్మ అని నర్సు, యాభై ఏళ్ళుంటాయి, ఆకుపచ్చ గౌను పట్టుకుని వచ్చింది.

"పాపకి నీళ్ళు కూడా ఇవ్వలేదు కదమ్మా?"

"చుక్క కూడా ఇవ్వలేదండి" అన్నాను, ఏదో ఘనకార్యం చేసినట్టు.

"అయితే గాజులు, చెవులవీ తీసేయండి. జడ విప్పండి. ఈ గౌను వేసి, ఇక్కడ తల్లి సంతకం పెట్టండి. తండ్రిగారిది ఉందిలెండి."

జడ విప్పాను. గౌను కూడా తొడిగాను. రక్తపరీక్షకి ఇంత హడావిడేంటో అనుకుంటూనే తొడిగాను. చేతికి పెన్ను తీసుకుని, ఎక్కడ పెట్టాలా అని కాగితం చూశాను. తెలుగులోనే ఉంది. గర్భసంచి తొలగించుటకు సమ్మతి. పేరు సౌజన్య, వయసు పదమూడు. కింద మా ఆయన సంతకం, ఎప్పటిలాగే కుడివైపుకి వాలిపోయి ఉంది.

చదివాను. మళ్ళీ చదివాను. వేరే ఎవరి కాగితమో ఇచ్చారనుకున్నాను. సౌజన్య అనే పేరు ఎంతమందికి ఉండదు! కానీ ఆ సంతకం పక్కన అరటి కర మరక వేలిముద్రలాగా ఉంది. ఆ మరక ఆయన వేళ్ళదే, ఎన్ని చొక్కాలకి ఉతికానో దాన్ని.

"పరీక్ష కదండీ?" అన్నాను.

అన్నమ్మ నావైపు చూసింది, కాగితం వైపు చూసింది. "మీకు చెప్పలేదా?" అంది మెల్లిగా.

వరండాలోకి వచ్చాను. వదిన అక్కడే కుర్చీలో కూర్చుని ఉంది.

"వదినా, ఇదేంటి?"

ఆవిడ తడబడలేదు. తడబడి ఉంటే బాగుండేది.

"కూర్చో సుమా. ముందే చెప్తే నువ్వు ఒప్పుకోవని తమ్ముడన్నాడు. ఇక్కడికొచ్చాక నేను చెప్తానన్నాను. నెలనెలా దానికా అవస్థ ఎందుకు చెప్పు? రేపు నువ్వూ నేనూ పోతే ఎవరు చూస్తారు? మీ అమ్మ కూడా ఇదే మంచిదంది."

మా అమ్మ కూడా! ఎండలు చల్లబడాలన్నది ఇందుకా! అందరికీ తెలుసు. నాకు తప్ప అందరికీ తెలుసు.

"దాని సంగతి అదే చూసుకుంటోంది వదినా. మొన్న ఫోన్లో చెప్పానుగా!"

"చూసుకుంటోంది. మరి రెండోది?" గొంతు తగ్గించింది. "అది కనపడ్డవాళ్ళనల్లా వాటేసుకుంటుంది. రేపు ఏ దుర్మార్గుడి కన్నో పడితే?"

"సంచి తీసేస్తే వాడు రాడా?"

ఆవిడ ఫ్లాస్కు మూత బిగించింది.

"వస్తాడు వదినా. వచ్చిన సంగతి మనకి తెలియకుండా పోతుంది, అంతే."

వదిన నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు నిజమైనవే, ఆ మాట ఒప్పుకోవాలి. "నీకు చేయించినప్పుడు లేని బాధ ఇప్పుడేంటే? ఊళ్ళో అందరికీ హాయిగా ఉందని చెప్పేది నువ్వే కదా. నీకున్న హాయి నీ కూతురికి వద్దా?"

ఆవిడ అన్నది నిజం. నా నోటితో నేను చెప్పిన మాటలే అవి. ఒక్క నిమిషం, ఒక్క నిమిషమే, ఏమో, వీళ్ళే సరిగ్గా ఆలోచిస్తున్నారేమో అనిపించింది. పెన్ను ఇంకా నా చేతిలోనే ఉంది.

లోపల్నుంచి సౌజీ వచ్చి గుమ్మంలో నిలబడింది. జుట్టు విరబోసుకుని, ఆ గౌనులో మునిగిపోయి ఉంది. చేతులు రెండూ గుడ్డలోపలే ఉండిపోయాయి.

"అమ్మా, ఈ పచ్చ బాలేదు" అంది. "నా పసుపుది ఎప్పుడు?" ఆ తర్వాత, "ఆకలి" అంది.

నా చేతిసంచి తెరిచాను. ఒక అరటిపండు తీసి, వలిచి, దాని నోట్లో పెట్టాను.

"సుమా!" అంటూ లేచింది వదిన. అప్పటికే సగం తినేసింది సౌజీ.

అన్నమ్మ వచ్చి చూసింది. "అయ్యో, తినిపించేశారా! ఇంక ఇవాళ కుదరదండీ" అంది, వరండా చివర డాక్టరమ్మ గది దాకా వినపడేలా. ఆ వెంటనే నా పక్కకి వంగి, "ఇంకోటి కూడా పెట్టండమ్మా" అంది నాకు మాత్రమే వినపడేలా.

ఇంటికొచ్చేసరికి మా ఆయన అరుగు మీద తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. వదిన ఫోన్ చేసి ఉంటుంది. సౌజీ వెళ్ళి ఒళ్ళో కూర్చుంటే దాని జుట్టులో మొహం దాచుకున్నాడు. నేను అరవలేదు. అరిచే ఓపిక లేదు.

"నా కూతురికి తెలియకుండా, నాకు తెలియకుండా, ఎలా పెట్టావయ్యా సంతకం?" అన్నాను. జన్మలో ఆయన్ని అలా పిలిచి ఎరగను.

"అక్క చెప్పింది కదా. అక్క మన మంచి కోరే మనిషి. నీకప్పుడు చేయించలా? నువ్వు బానే ఉన్నావుగా?"

"నాకు గడ్డ ఉంది కాబట్టి చేశారు."

"నీకు మాత్రం ఏం గడ్డ ఉందని..." అని ఆగిపోయాడు.

నేను ఆయన వైపు చూశాను. ఆయన లేచి, ఆటో కడగాలంటూ బకెట్టు పట్టుకుని వెళ్ళిపోయాడు. అంతకుముందు రోజే కడిగిన ఆటో అది.

నేను వెనకాలే వెళ్ళి అడగలేదు. అడగాలంటే భయమేసింది. మిషను ముందు కూర్చుని పసుపు పరికిణీ తీశాను. సాయంత్రానికల్లా పూర్తి చేశాను, జాకెట్టు చేతులు పొట్టిగా, మెడ వెడల్పుగా, సౌజీ కొలతకి. తర్వాత మా అమ్మకి ఫోన్ చేసి ఒక్కటే అడిగాను. "చిమ్మిలి నువ్వు తెస్తావా, నన్నే కొట్టుకోమంటావా?"

ఆషాఢం రాకముందే, జూన్ మధ్యలో, వేడుక చేశాం. మా అమ్మ చిమ్మిలి డబ్బా పట్టుకుని, బాబీ వెనకాల తలొంచుకుని వచ్చింది. డబ్బా అందుకుని లోపల పెట్టాను. బసవమ్మగారు అందరికంటే ముందొచ్చి, ఎవరూ అడక్కుండానే "శుభం" అన్నారు. సౌజీ పరికిణీలో కుర్చీ మీద కూర్చుంది. దాని మొహంలో వెలుగు చూసి నా కళ్ళు చెమర్చాయి. పేరంటాళ్ళు అక్షింతలు వేసి దాని నోట్లో చిమ్మిలి పెడుతున్నారు. అది ఊరుకుంటుందా? పళ్ళెం లాక్కుని తనే అందరి నోళ్ళలో పెట్టడం మొదలెట్టింది.

అప్పుడొచ్చింది వదిన. పిలవలేదు, అయినా వచ్చింది. గుమ్మం దాటకుండా బయటే నిలబడింది. నేనే బయటికి వెళ్ళాను.

"వదినా, నాకు గడ్డ ఉందా?"

ఆవిడ లోపల సౌజీని చూస్తోంది. నావైపు తిరగలేదు.

"దానికప్పుడు ఆరేళ్ళు. దాంతోనే నువ్వు సగమైపోయావు. రెండోది కూడా అలాగే పుడితే నువ్వు బతకవనుకున్నాం సుమా. నీ మంచికే" అంది.

లోపల ఎవరో నవ్వుతున్నారు. ఏడేళ్ళు. ఏడేళ్ళుగా నేను హాయిగా ఉన్నానని అందరికీ చెప్తూ వచ్చాను. నా ఆపరేషన్ రోజు తెల్లవారుజామున అదే తెనాలి రైల్లో వెళ్ళాను, పక్కన వదిన ఉంది. దాహమేస్తోందంటే, అయ్యాక తాగుదువుగానిలే అని నా తల నిమిరింది. నేనూ పరగడుపునే వెళ్ళాను. నా నోట్లో ఎవరూ అరటిపండు పెట్టలేదు.

పరికిణీ అంచు తొక్కుకుంటూ సౌజీ బయటికొచ్చింది. పళ్ళెంలో ఇంకో రెండుండలే మిగిలాయి. ఒకటి అత్త నోట్లో పెట్టింది. రెండోది పట్టుకుని నా ముందు నిలబడి, చిన్నప్పుడు నేను దానికి అన్నం పెట్టేటప్పుడు అన్నట్టే అంది.

"అమ్మా, ఆ..."

నోరు తెరిచాను.